పదకొండు ఇచ్చిపోతే పద్నాలుగు

"ఆదోని పట్టణంలో ఇక నేరం అనేది ఉండదు. ఎందుకంటే నేను ఉన్నాను."

ఈ మాటలు కృపానందం జిరాక్స్ షాపు అద్దం మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి ఉంటాయి. వాటి కింద ఇంకో కాగితం అతికించి ఉంటుంది. "అపరాధ పరిశోధక చక్రవర్తి కృపానందం. ఎంతటి చిక్కుముడులైనా విప్పబడును. ఆధార్ కార్డులు లామినేషన్ చేయబడును."

చక్రవర్తి ఇంతవరకు ఒకే ఒక్క కేసు ఛేదించాడు. అది చర్చి బయట పోయిన ఆయన చెప్పుల కేసు. వారం రోజులు ఊరంతా గాలించి, పదిమందిని ప్రశ్నించి, చివరికి తేల్చిందేమిటంటే, ఆ ఆదివారం ఆయన చెప్పులు వేసుకోకుండానే చర్చికి పోయాడు. అవి ఇంట్లో మంచం కిందే ఉన్నాయి. "దొంగను పట్టుకోవడం గొప్ప కాదు, దొంగే లేడని కనిపెట్టడం గొప్ప" అని ఆయన ఇప్పటికీ చెప్తాడు.

ఈ గొప్పతనాన్ని ఓపికగా వినే మనిషి ఆ వీధిలో ఒక్కతే ఉంది. పక్కింటి అఫ్సానా. పరుపులు కుట్టే మాబు సాబ్ కూతురు. ఆమె వినేది ఇష్టంతో కాదు, వినను అని చెప్పడం రాక. అఫ్సానాకు ఏదీ కాదనడం రాదు. మనుషులు ఎదురుగా నిలబడితే గొంతు పెగలదు.

ఆమెకు ఈ పని వచ్చింది కూడా అందువల్లే. రెండేళ్ళ కింద మహజబీన్ టీచర్ గూడూరులో పెళ్ళికి పోతూ, "రెండు రోజులు మా పిల్లిని చూసుకుంటావా?" అని అడిగింది. అఫ్సానా కాదనలేదు. తరువాత సోమప్ప మేష్టారు కుక్క వచ్చింది. దాని తరువాత కుందేళ్ళు, కోళ్ళు, ఒకసారి మద్దికెర పోయేవాళ్ళు వదిలిన దూడ. చివరికి తమ్ముడు గోడ మీద బోర్డు రాసిపెట్టాడు. "ఊరికి పోతున్నారా? మీ జంతువులు మా యింట్లో."

చిత్రమేమిటంటే, మనుషుల ముందు నోరు మెదపని అఫ్సానా జంతువులతో పొద్దుగూకేదాకా మాట్లాడేది. తిట్టేది, బుజ్జగించేది, వాటి యజమానుల మీద చాడీలు కూడా చెప్పేది. మాబు సాబ్ దూది ఏకుతూ అదంతా వినేవాడు. ఆయనకు ఈ వ్యవహారం నచ్చేది కాదు, కానీ కూతురి గొంతు వినడం నచ్చేది. అందుకే ఒక షరతు మీద ఊరుకున్నాడు. "ఎవరైనా సరే, మన ఇంటి ముందరికొచ్చి ఒక్క మాట అన్న దినం ఆ బోర్డు పీకేస్తా. మళ్ళీ లోపల కూసోని దిండ్లకు గలీబులు కుట్టుకో."

ఆ మంగళవారం ఉదయం ఇంట్లో ఉన్న అతిథులు వీళ్ళు. మహజబీన్ టీచర్ తెల్ల పిల్లి షాజాది. ఇది వీపు మీద చెయ్యి వేసి ఉంచితేనే తింటుంది, చెయ్యి తీస్తే ముద్ద ఉమ్మేస్తుంది. సోమప్ప మేష్టారు కుక్క రాజా. దీనికి ముసలితనం, చెవుడు రెండూ వచ్చాయి. పిలవాలంటే నేల మీద కాలితో రెండుసార్లు తట్టాలి. సంతోషమ్మ గారి టర్కీ కోడి దొరబాబు. దీని సంగతి వేరు. ఎవరైనా దాని ముందు వంగితే పడదు. వంగిన మనిషి వీపు కిందిభాగం కనిపించిందంటే ఎగిరి తన్నుతుంది. అందుకని వారం రోజులుగా ఆ ఇంట్లో అందరూ కూర్చునే ఊడుస్తున్నారు.

ఇక మిద్దె మీద హబీబ్ పావురాలు.

హబీబ్ పోయిన గురువారం ఎమ్మిగనూరులో చెల్లెలి పెళ్ళికి పోతూ, పావురాలను చెక్కగూటితో సహా ఆటోలో తెచ్చి మిద్దె మీద పెట్టించాడు. అన్నీ తెల్లవే. "పదకొండు. లెక్కపెట్టుకో అఫ్సానా. మంగళవారం సాయంత్రం నాలుగు గంటల బస్సుకు వస్తా. జొన్నలు దండిగా ఎయ్యి. ఈ పైన కిటికీ ఉంది సూడు, సరిగ్గా దాని కిందే ఎయ్యాల. కిటికీని మాత్రం ముట్టొద్దు" అని చెప్పిపోయాడు. గూటి ముందు వైపు, పైభాగంలో తల పట్టేంత చిన్న కిటికీ ఉంది. దానికి సన్నటి ఇనుప కడ్డీలు వరసగా వేలాడుతున్నాయి. అలంకారం కాబోలు అనుకుంది అఫ్సానా. ఎందుకు అని అడగలేదు. అడగడం కూడా ఆమెకు రాదు.

శనివారం లెక్కపెడితే పన్నెండు వచ్చాయి. కదిలేవాటిని లెక్కపెడితే అంతే అనుకుంది. ఆదివారం పదమూడు వచ్చాయి. తనకు లెక్కలు రావని స్కూల్లో సారు అన్న మాట గుర్తొచ్చింది. మంగళవారం ఉదయం వేలు చూపిస్తూ, పైకి చదువుతూ మూడుసార్లు లెక్కపెట్టింది.

పద్నాలుగు.

ఆమె ఇంకా వేలు ఎత్తి నిలబడే ఉంది, వీధిలోంచి కేక వినిపించింది.

"ఏమ్మా అఫ్సానా! నావి మూడు తెల్లవి కనపడల్యా. మీ మిద్దె మీదికేమన్నా వచ్చినాయా?"

ఎదురింటి నరసన్న. పత్తి మార్కెట్‌లో కాటా దగ్గర పని చేస్తాడు. ఆయన మిద్దె మీదా పావురాలే. అఫ్సానా పిట్టగోడ దగ్గరికి వచ్చింది.

"ఇనమ్మా. పావురాలు ఎగరేసేటోళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. నా పావురం ఇంకొకని గూట్లోకి పోయిందంటే అది వానిదే. నేను అడగగూడదు. నేనూ హబీబూ పదేండ్ల నుంచి అట్లనే ఆడుతాండాం. కానీ నీది ఆట కాదు గదా, పని. బోర్డు పెట్టుకున్నావు. నీ ఇంట్లో నా పావురాలు దొరికితే దాన్ని దొంగతనమనే అంటారు."

"అన్నా, నేను..."

"ఒకరి గూటి కాడికి నేనుగా రాను, మర్యాద కాదు. సాయంత్రం హబీబ్ వస్తాడంట గదా. వాని ముందరే తేల్చుకుందాం. లేదంటే ఆదోని బజారంతా సెప్తా, ఈ పిల్ల దగ్గర జంతువుల్ని ఇడిస్తే మీవి మీకు రావని." అనేసి మార్కెట్‌కు పోయాడు.

కింద మాబు సాబ్ దూదిలోంచి తల ఎత్తకుండానే అడిగాడు. "అఫ్సానా, నేను నీకేం సెప్పినాను?"

"ఒక్క మాట అంటే బోర్డు పీకేస్తానని."

"ఊఁ. ఇది సగం మాట. మిగతా సగం సాయంత్రం అంటాడంట. సూద్దాం."

అఫ్సానా గూటి ముందు కూలబడింది. నరసన్నవి మూడు పోయాయి, తన దగ్గర మూడు ఎక్కువున్నాయి. ఇంతవరకు లెక్క తేలింది. కానీ ఏ మూడు? పద్నాలుగూ ఒకే తెలుపు, ఒకే గుండ్రటి చూపు. నరసన్నను పిలిచి ఏరుకోమంటే, ఆయన పొరపాటున హబీబ్ వాటిని పట్టుకుపోతే? హబీబ్‌కు ఫోన్ చేస్తే పెళ్ళి బ్యాండు శబ్దం తప్ప ఏమీ వినిపించలేదు. అసలు మూసిన గూట్లోకి ఇవి ఎలా దూరాయి?

"చిక్కుముడి!" అంది ఒక గొంతు.

పిట్టగోడ అవతల నుంచి కృపానందం తల లేచింది. కంటికి భూతద్దం ఉంది. అందులో ఆయన కన్ను కోడిగుడ్డంత కనిపించింది.

"అన్నా, పొద్దున్నే షాపు తెరవల్యా?"

"నేరం కన్ను తెరిసినప్పుడు షాపు తెరుస్తారా సెల్లెమ్మా?" అంటూ గోడ దిగి వచ్చాడు. "గోడ సాటు నుంచి మొత్తం ఇన్నాను. ఆ అదృశ్య హస్తం ఇక తప్పించుకోలేదు. నా బుర్రలో ఇప్పటికే రెండు కేసులు నమోదైనాయి."

"రెండా?"

"ఒకటి, నరసన్న ఇంట్లో మూడు పావురాలు మాయం. రెండు, నీ ఇంట్లో మూడు పావురాలు ప్రత్యక్షం."

"రెండూ ఒకటే గదన్నా? ఆడ పోయినవే ఈడికి..."

కృపానందం జాలిగా నవ్వాడు. "మామూలు మనుషులు ఇట్లనే పప్పులో కాలేస్తారు. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఆయనవి పోయినాయి. నీకు వచ్చినాయి. పోవడం వేరు, రావడం వేరు. కలిపి సూసినావంటే కేసు చెడిపోతుంది."

అఫ్సానా పక్కకు జరిగి దారిచ్చింది.

డిటెక్టివ్ మిద్దె మీద మోకాళ్ళ మీద పాకడం మొదలుపెట్టాడు. మెట్ల దగ్గర ఆగి, తెల్లటిదేదో రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు. "దొరికింది! నేరస్థుడు వదిలిపెట్టిన ఈక!"

"అది దూదన్నా. కింద మా నాయిన పరుపు కుడతాండాడు."

"పైకి దూదే. అదే దాని తెలివి." దాన్ని ఒక కవరులో వేసి, నాలికతో తడిపి అతికించాడు.

తరువాత సాక్షుల విచారణ. మెట్ల కింద పడుకున్న రాజా ముందు గొంతుక్కూర్చుని పది ప్రశ్నలు అడిగాడు. శనివారం ఎక్కడున్నావు, ఎవరిని చూశావు, పావురాలతో నీకున్న పాత పగ ఏమిటి. రాజా ఒకసారి ఆవలించి అటువైపు తిరిగి పడుకుంది.

"నోరు ఇప్పడం లేదు. ఎవరినో కాపాడుతాండాది."

"దానికి సెవుడన్నా."

"సెవుడని ఎవరు సెప్పినారు?"

"సోమప్ప మేష్టారు."

కృపానందం చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. "సోమప్ప మేష్టారుకూ ఇందులో సంబంధం ఉంది."

వేలిముద్రల కోసం గూటి మీద పౌడరు చల్లాడు. షాజాది పద్నాలుగు తుమ్ములు తుమ్మింది. పావురాల సంఖ్యా, తుమ్ముల సంఖ్యా ఒకటే కావడం ఆయన రక్తాన్ని గడ్డకట్టించింది. దాన్నీ రాసుకున్నాడు.

"ఇంక గుర్తింపు పరేడ్. పద్నాలుగు మందినీ వరసలో నిలబెట్టు."

"నిలబడవన్నా."

"అయితే ముద్ర వేద్దాం. నకిలీ మూడింటికీ గుర్తు పెట్టేస్తే ఇంక తప్పించుకోలేవు." జేబులోంచి షాపు రబ్బరు స్టాంపు, ఊదారంగు ఇంకు ప్యాడు తీశాడు. సర్టిఫికెట్ల జిరాక్సుల మీద కొట్టే స్టాంపు అది. "నకలు" అని ఉంటుంది.

"నకిలీవి ఏవో తెలిస్తే స్టాంపు ఎందుకన్నా?"

ఈ ప్రశ్న కృపానందాన్ని క్షణం పాటు ఇబ్బంది పెట్టింది. క్షణం పాటే. "తెలియదు కాబట్టి అందరికీ వేద్దాం. అమాయకులు వాళ్ళంతట వాళ్ళే బయటపడతారు."

కాదనడం రాని అఫ్సానా ఒక్కొక్క పావురాన్నీ పట్టుకొచ్చింది. ఆయన ఒక్కొక్కదాని తోక మీదా ఠపీమని కొట్టాడు. గంటలో పద్నాలుగు తెల్ల పావురాలు, పద్నాలుగు ఊదా తోకలు తయారయ్యాయి. ప్రతి తోక మీదా "నకలు" అని ముత్యాల్లాంటి అక్షరాలు. అంతకుముందు వాటిలో మూడింటి మీదే అనుమానం. ఇప్పుడు చూసినవాళ్ళకు పద్నాలుగింటి మీదా వస్తుంది.

మూడు గంటలయింది. ఇంకో గంటలో హబీబ్ వస్తాడు. అఫ్సానా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అన్నా, సాలన్నా. బోర్డు నేనే తీసేస్తాలే."

ఆ కన్నీళ్ళు చూసి కృపానందం నిజంగానే కదిలిపోయాడు. ఆయన బుర్రలో ఏమున్నా, మనసులో మోసం లేదు. "ఏడవొద్దు సెల్లెమ్మా. ఇంక చివరి అస్త్రం తీస్తాండా. నేరస్థుడిని పట్టాలంటే నేరస్థుడి మాదిరి ఆలోచించాల. నేను పావురాన్ని. ఆకలేస్తాండాది. లోపల జొన్నలు కనపడతాండాయి. ఇప్పుడు నేనేం జేస్తాను?"

అంటూ గూటి ముందు వంగి, పై కిటికీలో తల పెట్టాడు.

కడ్డీలు గలగలమంటూ లోపలికి ఊగి దారి ఇచ్చాయి. తల హాయిగా దూరింది. కడ్డీలు మళ్ళీ కిందికి జారి ఆయన చెవుల వెనక పడ్డాయి.

"లోపల ఏమీ ల్యా" అని గూట్లోంచి గొంతు వినిపించింది. తరువాత, "అఫ్సానా." తరువాత ఇంకొంచెం సన్నగా, "అఫ్సానా, తల రావడం లేదు."

అఫ్సానా దగ్గరికి పోయి కడ్డీని వేలితో తోసి చూసింది. లోపలికి తోస్తే ఊగుతుంది. బయటికి లాగితే చట్రానికి తగిలి ఆగిపోతుంది. మళ్ళీ తోసింది, మళ్ళీ లాగింది. ఆమె నోరు నెమ్మదిగా తెరుచుకుంది. లోపలికి రావచ్చు, బయటికి పోకూడదు. కింద దండిగా జొన్నలు. "సరిగ్గా దాని కిందే ఎయ్యాల." ఇది అలంకారం కాదు, ఉచ్చు.

"అన్నా! దొరికిందన్నా!"

"దొరికింది నేనే! ముందు నన్ను తియ్యి!"

సరిగ్గా ఆ సమయానికి మెట్ల మీద అడుగుల చప్పుడయింది. మెల్లగా, దర్జాగా. దొరబాబు మధ్యాహ్నపు షికారుకు మిద్దె ఎక్కి వచ్చాడు. వచ్చి చూశాడు. వారం రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ వంగలేదు. ఇప్పుడు ఒక నిండు మనిషి, గళ్ళ ప్యాంటుతో, నడుము విరిగినట్టు వంగి, కదలకుండా ఉన్నాడు. దొరబాబు ముఖం ఎర్రబడింది, నీలమైంది, మళ్ళీ ఎర్రబడింది. తోక విసనకర్రలా విచ్చుకుంది.

"దొరా, వద్దు!" అని అఫ్సానా అరిచేలోపే ఎగిరి తన్నాడు.

కృపానందం ఆ రోజు ఎగిరినంత ఎత్తు ఆదోనిలో ఏ పావురమూ ఎగరలేదు. కిటికీ చట్రం ఊడి మెడలోనే ఉండిపోయింది. గూడు పక్కకు ఒరిగి దబ్బున పడింది. తలుపు ఊడింది. పద్నాలుగు పావురాలు ఒక్కసారిగా రెక్కలు కొట్టుకుంటూ ఆకాశంలోకి లేచాయి.

అంతా అయిపోయింది అనుకుంది అఫ్సానా. తల ఎత్తి చూస్తూ నిలబడింది.

పావురాలు మిద్దె చుట్టూ ఒక చుట్టు తిరిగాయి. రెండో చుట్టులో గుంపు నుంచి మూడు విడిపోయాయి. విడిపోయి, వీధి దాటి, నేరుగా నరసన్న మిద్దె మీద దిగాయి. దిగి ఈకలు సర్దుకున్నాయి. మిగతా గుంపు ఇంకో చుట్టు తిరిగి, కోట కొండ వైపు, హబీబ్ ఉండే వీధి వైపు, ఏ తొందరా లేకుండా సాగిపోయింది.

అఫ్సానా వేలు ఎత్తి లెక్కపెట్టింది. పదకొండు.

ఎవరి ఇల్లు ఏదో వాటికి పొద్దుటినుంచీ తెలుసు. ఎవరూ తలుపు తీయలేదంతే.

"పారిపోయినారా?" అన్నాడు కింద పడి ఉన్న కృపానందం. "వాళ్ళ వెనక పెద్ద ముఠా ఉంది."

అఫ్సానా సమాధానం చెప్పేలోపే వీధిలో కేక. నరసన్న మార్కెట్ నుంచి వచ్చి మిద్దె ఎక్కి దిగినట్టున్నాడు. చేతిలో ఒక పావురం. మాబు సాబ్ దూదికర్ర పక్కన పెట్టి లేచాడు. అఫ్సానా మెట్లు దిగి వచ్చింది.

"ఇది నీ ఇంట్లోంచే వచ్చింది గదమ్మా?" అన్నాడు నరసన్న. "తోక మీద ముద్ర ఉంది. మూడింటికీ ఉంది."

"అవునన్నా" అంది అఫ్సానా.

"అంటే నీ గూట్లో పడినాయి."

"పడినాయి."

నరసన్న తోకను ఇంకోసారి తిప్పి చూశాడు. ఆయన గొంతు మారిపోయింది. "మాబన్నా, ముప్పై ఏండ్ల నుంచి పావురాలు ఎగరేస్తాండా. నావి పోయినాయి, నేనూ ఇంకొకరివి పట్టుకున్నా. కానీ పట్టుకున్నదాన్ని తిరిగి ఇడిసినోన్ని ఒక్కన్ని సూడల్యా. నీ కూతురు ఇడిసింది. ఊరికే ఇడసల్యా, పట్టుకున్నట్టు లెక్కగా ముద్రేసి మరీ ఇడిసింది! ఆఫీసులో కూడా ఇంత పద్ధతి ఉండదప్పా. పొద్దున తొందరపడినానమ్మా. వచ్చే నెల మేము ఉరుకుంద జాతరకు పోతాండాం. నా పావురాలు నీ దగ్గరే."

మాబు సాబ్ కూతురి వైపు చూశాడు. మెడలో చట్రంతో, నడుము పట్టుకుని మెట్లు దిగుతున్న కృపానందం వైపు చూశాడు. "ఒక్క మాట అంటే పీకేస్తానన్నా. నరసన్న సానా మాటలన్నాడు గానీ, ఇవి ఆ లెక్కలోకి రావు" అని మళ్ళీ దూది ముందు కూర్చున్నాడు.

నాలుగు గంటలకు అఫ్సానా హబీబ్ ఇంటి ముందు నిలబడి ఉంది. పక్కన కృపానందం. మిద్దె మీది పాత గూటిపై పదకొండు పావురాలు వరసగా కూర్చుని ఉన్నాయి, గుర్తింపు పరేడ్‌లో నిలబడినట్టు.

ఆటో ఆగింది. హబీబ్ పెళ్ళి లడ్ల సంచితో దిగాడు. "అరె, ఇంటికే తెచ్చినావా? నేనే వస్తుంటి గదా!" అంటూ తల ఎత్తి లెక్కపెట్టాడు. పదకొండు. మళ్ళీ లెక్కపెట్టాడు. మళ్ళీ పదకొండే. సంచి నేల మీద పెట్టాడు. ముఖం చిన్నబోయింది.

"ఇంకేమీ రాల్యా?"

కృపానందం ఉత్సాహంగా నోరు తెరిచాడు. అఫ్సానా ఆయన కాలు తొక్కింది. మనిషి ముఖంలోకి నేరుగా చూసి మాట్లాడడం ఆమెకు అదే మొదటిసారి.

"వచ్చినాయి హబీబన్నా. మూడు. ఎవరివి వాళ్ళ ఇంటికి పోయినాయి. నీ పావురాలు ఎన్ని తెచ్చినా పెట్టుకుంటా. ఆ కిటికీతో తెస్తే మాత్రం పెట్టుకోను. పెట్టుకోనంటే పెట్టుకోను."

హబీబ్ నేల చూపులు చూశాడు. సంచిలోంచి లడ్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "సరే తల్లీ, తప్పయింది. ఆ కిటికీ మాత్రం ఇచ్చెయ్యి. మా తాత చేయించింది. యాడుంది?"

కృపానందం భూతద్దం తీశాడు. ఇంటి ముందు నేలనంతా ఒకసారి గాలించాడు. మెడలోని ఇనుప కడ్డీలు అడుగడుక్కీ గలగలమంటున్నాయి.

"కిటికీ మాయం!" అన్నాడు గంభీరంగా, చిన్న పుస్తకం తెరుస్తూ. "చివరిసారి దాన్ని ఎవరు సూసినారు?"